రేకీ మాస్టర్ డిగ్రీ కూడా చేసేయమంటున్నారు, గురుపరంపర అడిగితే మాట దాటేస్తున్నారు. ఏం చేయమంటారు?

కొత్త_సాధకురాలు:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే రేకీ (చేతులు పెట్టి శక్తి పంపుతామని చెప్పే జపాన్ పద్ధతి) మొదటి డిగ్రీ, రెండో డిగ్రీ కలిపి ఒకే వారాంతంలో ఆన్‌లైన్‌లో అయిపోయాయి. అయిపోయాయి అనే అనాలి, నేర్చుకున్నాను అనడానికి నోరు రావడం లేదు. వీడియో కాల్‌లో సగం మంది కెమెరాలు ఆపేసుకుని ఉన్నారు. స్లైడ్లు చూపించారు, సింబల్స్ గీయించారు, చివర్లో కళ్లు మూసుకోమని కాసేపటికి అట్యూన్‌మెంట్, అంటే దీక్ష, అయిందన్నారు. సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చేసింది. ఇప్పుడేమో మాస్టర్ డిగ్రీ (వేరేవాళ్లకి నేర్పే స్థాయి) బ్యాచ్ మొదలవుతోంది, ముందే అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తాం అంటున్నారు.

నా టెన్షన్ ఏంటంటే, తెలిసినావిడ ఒకరు తన సర్టిఫికెట్ చూపించారు. దాని మీద ఉసుయి, హయాషి, తకాటా అని మొదలై వాళ్ల టీచర్ పేరు దాకా వరసగా ఉంది. నా దాంట్లో మా టీచర్ సంతకం తప్ప ఏమీ లేదు. అడిగితే "శక్తి విశ్వం నుంచి వస్తుంది, మనుషుల పేర్లతో నీకేం పని" అన్నారు. వినడానికి బాగానే ఉంది కానీ మింగుడు పడలేదు. పరంపర తెలియకపోతే నేను నేర్చుకున్నది చెల్లదా? పేర్లు తక్కువ ఉన్న పరంపర అయితే శక్తి ఎక్కువ అని కూడా ఎక్కడో చదివాను, నిజమేనా? ముందు ముందు వేరేవాళ్లకి కూడా చేయాలని ఉంది, అందుకే ఇంత ఆలోచిస్తున్నాను.

పాతకాపు:
మీ టీచర్ గారిని వాళ్ల మాట మీదే నిలబెట్టి అడగండి. రేకీ లెక్క ప్రకారం శక్తి విశ్వానిదే, కాదనం. కానీ అది మన చేతుల్లోంచి పారాలంటే టీచర్ దీక్ష ఇవ్వాలి అనే కదా ఫీజు తీసుకున్నది? ఆ టీచర్‌కి ఇంకొకరు ఇచ్చి ఉండాలి, ఆయనకి ఇంకొకరు. వెనక్కి వెళ్తూ వెళ్తూ ఉసుయి దగ్గర ఆగాలి. దీక్ష లేకపోతే రాదు అని చెప్పి, నీకు దీక్ష ఎవరిచ్చారు అంటే పేర్లతో పనేంటి అనడం ఏం న్యాయం?

తనిఖీ చేయడం కూడా పెద్ద కష్టం కాదు, ఎందుకంటే రేకీ చరిత్ర చాలా చిన్నది. మికావో ఉసుయి 1922లో క్యోటో దగ్గర కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం ఉన్నాక ఈ పద్ధతి ఆయనకు అందిందని చెబుతారు. అదే ఏడాది టోక్యోలో సంఘం పెట్టి నేర్పడం మొదలుపెట్టారు, 1926లో చనిపోయారు. అంటే నేర్పింది మహా అయితే నాలుగేళ్లు. ఆయన శిష్యుల్లో చూజిరో హయాషి నౌకాదళంలో పనిచేసిన మనిషి, టోక్యోలో క్లినిక్ నడిపారు. హవాయిలో పుట్టిన జపనీస్ కుటుంబపు అమ్మాయి హవాయో తకాటా 1935లో ఒంట్లో బాగాలేక జపాన్ వెళ్లి, ఆ క్లినిక్‌లో చికిత్స తీసుకుని, తర్వాత అక్కడే నేర్చుకుంది. 1938లో హయాషి ఆమెను మాస్టర్‌గా ప్రకటించారు. 1980లో ఆమె పోయేనాటికి తను తయారు చేసిన మాస్టర్లు 22 మంది.

ఇప్పుడు అసలు కిటుకు. జపాన్ బయట మనకు కనిపించే పరంపరల్లో చాలా భాగం తకాటా మీదుగా వచ్చినవే. కాబట్టి మొదటి మూడు పేర్లు ఎలాగూ అవే, మీరు చూడాల్సింది నాలుగో పేరు. అది ఆ 22 మందిలో ఒకరిది అయి ఉండాలి, ఆ జాబితా వెతికితే దొరుకుతుంది. కాకపోతే జపాన్ నుంచి వేరే దారిలో వచ్చి ఉండాలి: హయాషి దగ్గరే 1938లో నేర్చుకున్న చియోకో యామాగుచి నుంచి వచ్చిన జికిదెన్ రేకీ, లేదా ఉసుయి సంఘంలో సభ్యుడైన హిరోషి దోయి రూపొందించిన గెండై రేకీ, ఇలా. ఇవేవీ కాకపోతే ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాల్సిందే.

తెల్లకోటు:
హాస్పిటల్లో పనిచేసేదాన్ని, కాబట్టి కాస్త చేదుగానే చెబుతాను, ఏమనుకోకండి. పరంపర వల్ల తెలిసేది ఎవరు ఎవరి క్లాసులో కూర్చున్నారనే. అంతవరకే. రేకీతో ఫలానా జబ్బు తగ్గుతుందని ఇంతవరకు స్పష్టంగా రుజువు కాలేదు, అమెరికా ప్రభుత్వంలో ఈ ప్రత్యామ్నాయ పద్ధతులను పరిశీలించే జాతీయ కేంద్రం కూడా అదే చెబుతోంది. అలాంటి శక్తి ఒకటుందని శాస్త్రీయంగా ఆధారం కూడా లేదు. చేయించుకున్నాక మనసు తేలికపడింది, నిద్ర పట్టింది అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు పేచీ లేదు. ఉసుయి దాకా పేర్లు చదివి వినిపించినంత మాత్రాన షుగర్ మాత్రలు మానేయమని చెప్పే హక్కు ఎవరికీ రాదు.

ఇంకోటి, పరంపర ఉంటే సరైన విషయమే చేరుతుందని గ్యారంటీ ఏమీ లేదు. తకాటా చెప్పిన కథలో ఉసుయి ఒక క్రైస్తవ బోధకుడు, క్యోటోలో దోషిషా విద్యాసంస్థకి అధిపతి, షికాగో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు అని ఉండేది. తర్వాత వెతికితే ఆ రెండు చోట్లా ఆయన పేరే రికార్డుల్లో లేదు. టోక్యోలో సైహోజి అనే బౌద్ధ ఆలయంలో 1927లో శిష్యులు నిలిపిన స్మారక శిల ఉంది, దాని మీద ఆయన జీవితం చెక్కి ఉంది, అందులో ఈ క్రైస్తవ కథ ఊసే లేదు. మచ్చలేని పరంపర ఉన్న టీచర్లే ఏళ్ల తరబడి తప్పు కథ చెప్పుకుంటూ వచ్చారు.

పాతకాపు:
తెల్లకోటు గారు, మందులు మాన్పించే విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను, అలాంటివాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకూడదు. కథ సంగతి కూడా నిజమే. కానీ ఆ తప్పు దొరికింది కూడా పరంపర వల్లే కదా. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుసు కాబట్టి జనం వెనక్కి నడుచుకుంటూ జపాన్ దాకా వెళ్లి ఆ శిలను చూడగలిగారు. పేర్లే లేని చోట ఏ కథ చెప్పినా చెల్లుతుంది.

మెల్లగా_మెల్లగా:
మీరిద్దరూ పేర్ల దగ్గరే ఆగిపోయారు. నేను నేర్పుతాను కూడా, కాబట్టి క్లాసు వైపు నుంచి చెబుతాను.

పేర్లు తక్కువైతే శక్తి ఎక్కువ అన్నది వట్టి మార్కెటింగ్. ఐదు పేర్ల పరంపర ఉండి రోజూ సాధన చేయని టీచర్లను చూశాను, పది పేర్లు ఉండి శిష్యుల వెంట ఓపిగ్గా కూర్చునే వాళ్లనూ చూశాను. తకాటా మాస్టర్ డిగ్రీకి 10,000 డాలర్లు తీసుకునేది. ఆమె పోయాక కొందరు ఫీజులు బాగా తగ్గించారు, మాస్టర్ల సంఖ్య ఎక్కడికో వెళ్లిపోయింది. దానివల్ల మామూలు మనుషులకీ రేకీ అందింది, అది మంచిదే. కాకపోతే ఈ రోజు మాస్టర్ అయినవాళ్లు వచ్చే వారం ఇంకొకరిని మాస్టర్ చేసేయడం కూడా అప్పుడే మొదలైంది. పేర్ల వరసలో ఇద్దరి మధ్య ఎంత కాలం గడిచిందో కాగితం మీద కనపడదు, అది మీరు నోరు తెరిచి అడగాలి. తకాటాయే హయాషి క్లినిక్‌లో సుమారు ఏడాది పాటు రోజూ రోగుల మీద చేతులు పెట్టి నేర్చుకుంది.

ఆ ఏడాదిలో ఏం నేర్చుకుంటారు అంటారా? జపాన్ పద్ధతిలో బ్యోసెన్ అని ఒకటుంది, చేయి పెట్టిన చోట ఏం తెలుస్తోందో గమనించడం. మొదటిసారి చేసేవాళ్లు భుజం మీద చేయి పెట్టి పది సెకన్లలో ఏమీ తెలియడం లేదండీ అని తీసేస్తారు. అలాగే ఉంచమంటాను. కాసేపటికి అరచేతి మధ్యలో వెచ్చగా అనిపిస్తుంది, తర్వాత వేళ్ల చివర చిమచిమలాడుతుంది, ఒక్కోసారి నాడి కొట్టుకున్నట్టు ఉంటుంది. అది పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. తగ్గే వరకు చేయి కదపకూడదు. అది వాళ్ల ఒంట్లోదా, మన చేతి చెమటా, ఊహా అని అనుమానం వస్తుంది, రావాలి కూడా. అప్పుడు నేను అదే భుజం మీద నా చేయి పెట్టి చూస్తాను, ఇద్దరం ఒకరికొకరం చెప్పకుండా రాసుకుని పోల్చుకుంటాం. చాలాసార్లు కలవదు. కలవనప్పుడు ఎందుకు కలవలేదో మాట్లాడుకోవడమే ట్రైనింగ్. (తెల్లకోటు గారు దీన్ని నమ్మరని తెలుసు, నమ్మమని అడగడం లేదు.) కెమెరాలు ఆపేసుకున్న క్లాసులో ఇదంతా ఎలా కుదురుతుందో నాకైతే అర్థం కాదు.

కొత్త_సాధకురాలు:
అందరికీ చాలా థాంక్స్. మళ్లీ మెసేజ్ పెట్టి నాలుగో పేరు ఏంటి అని అడిగాను. ఈసారి ఒక లిస్ట్ పంపారు. మొదటి పేరు ఉసుయి, రెండోది మా టీచర్ గారి గురువు, మూడోది మా టీచర్. మధ్యలో ఇంకెవరూ లేరు. ఆ గురువు గారు ఇప్పటికీ క్లాసులు చెబుతున్నారు, ఫొటో చూస్తే యాభై దాటి ఉండవు.

తెల్లకోటు:
ఉసుయి పోయింది 1926లో. కూడిక తీసివేతలు వస్తే చాలు, దీనికి రేకీ కూడా అక్కర్లేదు 😀

పాతకాపు:
ధ్యానంలో ఉసుయి నేరుగా దీక్ష ఇచ్చారు అని చెబుతారు చూడండి. అలా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. అది వాళ్ల నమ్మకం, ఉండనివ్వండి, అయితే ఆ మాట లిస్టులోనే రాయాలి, మామూలు పరంపరలా చూపించకూడదు.

మెల్లగా_మెల్లగా:
మీ మొదటి ప్రశ్నకి ఇంకా ఎవరం సూటిగా చెప్పలేదు. చెల్లుతుందా లేదా అని తేల్చే ఆఫీసు ఏదీ రేకీకి లేదు, సంఘాలు చాలా ఉన్నాయి, ఎవరి నియమాలు వాళ్లవి. కాబట్టి చేసింది వృథా అనుకోకండి. రోజూ మీ మీద మీరు చేసుకుంటూ ఉండండి, ఉసుయి చెప్పిన ఐదు నియమాలు పొద్దున్నే ఒకసారి చదువుకోండి, "ఈ ఒక్కరోజు కోపపడను" దగ్గరే నాకు ఇప్పటికీ గండి పడుతుంది. ఈలోగా ఎదురుగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లను వెతుక్కుని మొదటి డిగ్రీ మళ్లీ చేయండి. దీక్ష ఒకసారే తీసుకోవాలని రూలేం లేదు, జపాన్ పద్ధతిలో సాధనకు కలిసిన ప్రతిసారీ ఇచ్చే ఆనవాయితీ ఉంది. చేరేముందు అడగండి: మీరు ఎవరి దగ్గర ఎంతకాలం నేర్చుకున్నారు, రెండో డిగ్రీకి మాస్టర్‌కి మధ్య ఎంత గ్యాప్ తీసుకున్నారు, వేరే పద్ధతులేమైనా కలిపారా, క్లాసు అయ్యాక సాధనకి కలుస్తారా. విసుక్కోకుండా చెప్పారంటే సగం నమ్మకం కుదిరినట్టే. వేరేవాళ్లకి చేయడం అప్పుడే వద్దు, ముందు ఇంట్లోవాళ్ల మీద, వాళ్లు ఒప్పుకుంటేనే. మాస్టర్ సంగతి రెండు మూడేళ్ల తర్వాత చూడొచ్చు.

కొత్త_సాధకురాలు:
ఆ 1926 సంగతి మా గ్రూపులో మర్యాదగానే అడిగాను. "సందేహాలతో వచ్చేవాళ్లకి శక్తి పనిచేయదు" అని జవాబు పెట్టి గ్రూపులోంచి తీసేశారు. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు లెండి.