ఇంటి ముందు ర్యాంపు మీద స్కూటర్ జారుతోంది: వాలు తప్పా, రాయి తప్పా?

కొర్లగుంట_వాసి:
రేపు రోడ్డు ఎత్తు లేపుతారని ఇల్లు ముందే ఎత్తుగా కట్టుకున్నాం. గేటు నుంచి రోడ్డుకు ర్యాంపు. నేల మీద కొలిస్తే ఆరడుగులు, ఎత్తు అడుగున్నర. పైన నల్ల గ్రానైట్, నున్నటి పాలిష్. ఎండలో ఏమీ కాదు. చినుకు పడిందంటే బ్రేకు పట్టినా చక్రం తిరక్కుండానే బండి కిందికి పోతోంది. మొన్న మా ఆవిడ పడబోయింది. వాలు తగ్గిద్దామంటే కాలువ అడ్డం. రాయి మార్చాలా, గాడులు కొట్టిస్తే చాలా? ర్యాంపు మీద బండి నిలపొచ్చా?

కుప్పం_రాయి:
మాది రాళ్ల పనే. పాలిష్ రాయి గోడకు, వంటగది గట్టుకు వేసే సరుకు. ర్యాంపుకు ఫ్లేమ్ చేసింది వేయాలి. మంట తగిలితే పైపొర గింజలు చిట్లి ఎగిరిపోతాయి, ముఖం గరుకు తేలుతుంది. ఉన్న రాయి పీకక్కర్లేదు, అడ్డంగా గాడులు కొట్టించు. కాస్త ఏటవాలుగా కొట్టిస్తే నీళ్లు పక్కకు పోతాయి. నిలువుగా మాత్రం వద్దు, చక్రం గాడిలో పడి హ్యాండిల్ లాగేస్తుంది.

మొగిలి_ఘాట్_డ్రైవర్:
రాయి సంగతి అట్లుంచు. వెనక మనిషిని కూర్చోబెట్టుకొని దింపు, జారదు. బరువుంటేనే పట్టు. వానలో ఖాళీ లారీ మట్టి గట్టు ఎక్కలేక మొరాయిస్తది, అదే లోడు బండి ఎక్కిపోతది.

ఇంటర్_ఫిజిక్స్:
అన్నా, అది తప్పు. వాలు మీద బండిని కిందికి లాగేదీ బరువే, ఆపే ఘర్షణ పుట్టేదీ ఆ బరువు వల్లే. బరువు రెట్టింపైతే రెండూ రెట్టింపవుతాయి. తేల్చేది ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె), వాలు కోణం టాన్ విలువ (ఎత్తును నేల కొలతతో భాగిస్తే వచ్చేది) మాత్రమే. గుణకం టాన్ కన్నా తగ్గితే జారుతుంది. ఈయన ర్యాంపుకు టాన్ 1.5 బై 6, అంటే 0.25. కోణం 14 డిగ్రీలు. పొడి రాయి మీద రబ్బరుకు గుణకం అంతకు ఎంతో ఎక్కువ, కాబట్టే ఎండలో ఏమీ కాదు. పిల్లలకు ఏటేటా చెప్పే పాఠమిది.

మొగిలి_ఘాట్_డ్రైవర్:
పాఠం పిల్లకాయలకు చెప్పు సార్. చక్రం ఉన్నచోటే తిరగతా ఉంటే గోనెసంచులు తెచ్చి చక్రాల కింద వేసినోళ్లం మేము. లోడు బండి ఎక్కింది నా కళ్లతో చూసినా. నీ టాన్ వచ్చి బండి తోసిందా?

ఇంటర్_ఫిజిక్స్:
కళ్లతో చూసిన ప్రతిదానికీ మనం అనుకున్న కారణమే ఉండాలని లేదు. ఘర్షణ నియమాలు చెప్పిన శాస్త్రవేత్త కూలంబ్ నాటి నుంచి రుజువైన విషయాన్ని కాదంటే ఎలా?

మెట్లదారి_భక్తుడు:
జారుడంటే అలిపిరి మెట్ల సంగతి చెప్పాలి. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతారు. దాని మీద సన్న జల్లు పడితే రాయి మీద మెత్తటి పొర కడుతుంది. మోకాళ్ల మెట్టు దగ్గర నా ముందు ఓ పెద్దాయన కాలు సర్రున పోయింది, పక్కవాళ్లు పట్టుకున్నారు. జోరు వానైతే కడుక్కుపోతుంది, భయం సన్న జల్లుతోనే. ఎక్కేవాళ్లు అంచున నడవండి, దయచేసి.

పీలేరు_అక్క:
మా వాకిట్లోనూ ఇదే బాధ. పాలిష్ రాయి మీద ముగ్గుపిండి పడితే పొడిగా ఉన్నా జారుతుంది. మా అత్త పడి తుంటి ఎముక విరిగింది. స్కూటర్ ఒక్కటే చూసుకోవద్దు తమ్ముడూ, ఇంట్లో పెద్దవాళ్లు దిగే దారి కదా.

చిత్తూరు_సైటు:
అక్క చెప్పింది ముఖ్యం. చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. మీది అడుగుకు నాలుగే. పక్కన రెండు మెట్లు, ఒక కమ్మీ పెట్టించండి.

బైరాగిపట్టెడ_మెకానిక్:
సారూ డ్రైవరన్నా ఇద్దరూ వేరే వేరే మాటలు చెప్తా ఉండారు. సార్ చెప్పే లెక్క వాలు మీద పెట్టిన దిమ్మెకైతే సరి, దానికి అడుగంతా నేలకు ఆనుంటుంది. బండికి అట్ల కాదు, బ్రేకు పడ్డ చక్రమే ఆపుతుంది, రెండోది దొర్లుకుంటా పోతుంది. లారీకి ఇంజన్ ముందర, తోసేది వెనక చక్రాలు. ఖాళీగా ఉంటే వెనక బరువుండదు, తిరగతా ఉంటుంది. లోడు పడేది వెనకే కాబట్టి పట్టు దొరుకుతుంది. స్కూటర్ కూడా అంతే. వెనక బ్రేకొక్కటే పడితే సగం బరువు మోసే చక్రం మొత్తం బండిని ఆపాల. దిగుడులో ఆ సగంలోనూ కొంత ముందు చక్రానికి పోతుంది. అప్పుడు 0.25 యాడ చాలుతుంది, రెట్టింపు దాటాల. 125 సీసీ దాకా బండ్లకు 2019 నుంచి కాంబీ బ్రేకన్నా (ఒకటి పట్టినా రెండు చక్రాలకూ పడేది) ఏబీఎస్ అన్నా (చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉండాల్సిందే. నీ బండి ఏ ఏడాదిది?

మొగిలి_ఘాట్_డ్రైవర్:
అదీ మాట! ఇంకోటి, ఘాట్‌లో బ్రేకు మీదే దిగేవాళ్లు వినండి. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల. న్యూట్రల్ చేసి బ్రేకు తొక్కతా వస్తే లైనర్లు కాలి పట్టు పోతది. అప్పుడు ఏ రాయీ ఏ టైరూ కాపాడదు.

ఇంటర్_ఫిజిక్స్:
బ్రేకు పడ్డ చక్రం లెక్క సరే. రెండు చక్రాలకూ బ్రేకు పడితే బరువుకు సంబంధం లేదు, ఆ మాట మీదే ఉన్నాను. కొర్లగుంట గారూ, మిగిలిన రాయి ముక్క మీద పాత టైరు ముక్క పెట్టి ఒక చివర మెల్లగా లేపండి. జారిన క్షణాన ఎత్తును నేల కొలతతో భాగిస్తే అదే మీ గుణకం. తడిపి కూడా చూడండి.

కొర్లగుంట_వాసి:
చూశాను సార్. పలక రెండున్నర అడుగులు. పొడిగా ఉంటే అడుగున్నర లేపాక గానీ జారలేదు. సంపు పొంగి పాచి పట్టే చోట నుంచి నీళ్లు తెచ్చి పోస్తే ఏడంగుళాలకే జారిపోయింది. లెక్క కడితే గుణకం పొడిగా 0.75, తడిగా 0.24, అంటే ర్యాంపు 0.25 కన్నా తక్కువే. బండి 2016ది, మా ఆవిడ వెనక బ్రేకే వాడుతుంది. గాడులు కొట్టిస్తున్నా, సంపు నీళ్లు అటు రాకుండా గట్టు కట్టిస్తున్నా.

కుప్పం_రాయి:
గాడికీ గాడికీ రెండంగుళాలు మించనీయొద్దు. పాచి మాత్రం గాడుల్లోనూ పడుతుంది, గట్టి చీపురుతో గీకించు.

బైరాగిపట్టెడ_మెకానిక్:
దించేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టమను. ముందుది ఒక్కసారిగా గుంజితే హ్యాండిల్ పక్కకు పోతుంది. ర్యాంపు మీద నిలపడం వద్దు. స్కూటర్‌కు గేరు వేసి ఆపే వీలు లేదు, మూతి కిందికి పెట్టి సైడ్ స్టాండ్ వేస్తే బండి ముందుకు కదిలి స్టాండు మడుచుకుంటుంది. తప్పదంటే మూతి పైకి పెట్టి వెనక చక్రానికి ఇటుక అడ్డం వెయ్యి. వెనక లైనర్లు ఓసారి విప్పించి చూడు.