ఆరేళ్ల విరామం తర్వాత వీణ: సరళి నుంచా, వర్ణం నుంచా?

సారణి_తీగ: వర్ణాల (గీతాల తర్వాత నేర్చే పెద్ద రచనల) దాకా నేర్చి ఆపేసినవాళ్లు ఆరేళ్ల తర్వాత మళ్లీ వీణ పట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రోజుకు 40 నిమిషాలే దొరుకుతుంది.

మాయామాళవ: సరళి, అంటే మొట్టమొదటి స్వరపాఠాలు. 40 రోజులు తొలి పాఠాలు తప్ప ఇంకేదీ ముట్టుకోకండి. సరళి, జంట, దాటు, అలంకారాలు, ఈ స్వర అభ్యాసాలన్నీ మూడు కాలాల్లో, కాలానికి వేగం రెట్టింపు చేస్తూ. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెడితే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు పడాలి. లోపం అక్కడే బయటపడుతుంది: కుడిచేతి మీటు ముందు పడి, ఎడమ వేలు ఆలస్యంగా వస్తుంది. స్వరం బదులు 'టక్'మంటుంది. అలా అయితే 48కి దిగండి, శబ్దం పోయేదాకా పైకి వద్దు. వర్ణంతో మొదలుపెడితే ఈ లోపం గమకాల (స్వరాన్ని ఊపే, లాగే పలుకుల) చాటున దాక్కుంటుంది.

గమకప్రియ: సరళిలో తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరం పెంచే పని ఎక్కడుందండీ? విరామంలో మొదట పోయేది వేగం కాదు, లాగుడు. నాలుగో మెట్టు మీద, అంటే అంతర గాంధారం మీద మీటి మధ్యమం దాకా లాగండి. వెంటనే అయిదో మెట్టు మీద మధ్యమం మీటి పోల్చండి. లాగిన స్వరం కిందే ఆగిపోతుంది. ఈ పరీక్ష రోజూ పది నిమిషాలు, తర్వాత మోహన వర్ణం పల్లవి ఒక్కటే, ఒకటో కాలంలో. మొదటి రెండు వారాలు శ్రుతి, అంటే ఆధార స్వరం ఎత్తు, మూడు నుంచి రెండున్నరకు దించితే వేలికి సుఖం.

కొబ్బరినూనె: స్నానం చేసిన వెంటనే, గిన్నెలు తోమిన వెంటనే కూర్చోకండి. నానిన చర్మం తెగుతుంది. 20 నిమిషాల చొప్పున రెండు పూటలా చాలు.

మాయామాళవ: శ్రుతి దించమనడం పెద్ద తప్పు. తీగ వదులైతే కొంచెం లాగినా స్వరం ఎక్కువ కదులుతుంది. చెయ్యి ఆ కొలతకు అలవాటు పడుతుంది. మళ్లీ బిగించిన రోజున ప్రతి గమకం అపశ్రుతే.

గమకప్రియ: లాగేది కొలత చూసి కాదు, చెవితో. చెవి సరిగా ఉంటే చెయ్యి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

మాయామాళవ: ఆరేళ్లు తంబురా వినని చెవి సరిగా ఉందని ఎవరు చెప్పారు? వదులు తీగ మెట్ల మీద జరజరలాడుతుంది కూడా.

మైనం_మెట్టు: శ్రుతి గొడవ తర్వాత. ముందు వీణ చూడండి. సారణి (మొదటి తీగ), పంచమం (రెండో తీగ) ఉక్కు తీగలు తుప్పు పట్టి ఉంటే మార్చండి. ఏ మెట్టూ నొక్కకుండా వట్టి సారణి మీటి, 12వ మెట్టు మీద మీటండి, తార షడ్జం (పై స) సరిగ్గా పలకాలి. పలక్కపోతే మెట్టు కదిలినట్టే. మెట్లను పట్టి ఉంచే మైనం ఎండకు మెత్తబడి కుంగుతుంది, ఏళ్లు గడిస్తే పెళుసెక్కి పగులుతుంది. అలాంటి వీణ మీద సరళి వాయించినా వర్ణం వాయించినా చెవి చెడుతుంది. మెట్లు మళ్లీ కట్టించాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో, నూజివీడులో ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు. తీగ బిగించే బిరడా జారుతుంటే కాస్త సుద్దపొడి రాయండి.

గమకప్రియ: అసలు మాట అనేస్తాను. తిరిగొచ్చిన పెద్దవాళ్లని ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చోబెట్టి 'సరిగమ' వాయించమనే క్లాసులు ఎన్ని లేవు? మూడో వారానికి వీణ మీద మళ్లీ గుడ్డ కప్పేస్తారు. ఆ పాపం సరళిది కాదు, నీకేమీ రాదు పొమ్మన్నట్టు మాట్లాడే పద్ధతిది. వచ్చినదాన్ని లేనట్టు చూడకండి.

మాయామాళవ: రాదనలేదు. చేతికి గుర్తున్నది తప్పులతో సహా గుర్తుంటుందంటున్నాను. పాత వర్ణం ముట్టుకోగానే వేలు పాత దారినే పడుతుంది. సరళిలో జ్ఞాపకం అడ్డు రాదు, ప్రతి మీటూ కొత్తగా వినబడుతుంది. అవమానించడానికి కాదు.

గమకప్రియ: నేను నమ్మేది ఆ జ్ఞాపకాన్నే. మీరు భయపడేదీ దానికే. పాత వర్ణం వద్దనుకుంటే, ఎప్పుడూ నేర్వని వర్ణం ఇవ్వండి.

మాయామాళవ: అది ఒప్పుకుంటాను. కానీ మొదటి పది రోజుల్లో కాదు.

సారణి_తీగ: లాగి పోల్చే పరీక్ష మంద్రం తీగ మీద కూడా చెయ్యొచ్చా?

మాయామాళవ: ముందు సారణి మీదే. మంద్రం లావు తీగ, మెత్తబడిన వేలు ఓర్చుకోదు. రెండో వారంలో చూడండి.