పాత మారుతి 800కి ఆల్టర్నేటర్ మార్చాలంటున్నారు: ఏది కొనాలి, ఎలా బిగించుకోవాలి?

ప్రశ్న, తెనాలి నుంచి:

గ్రూపులో పెద్దలకి నమస్కారం. మా ఇంట్లో 1998 మారుతి 800 ఉంది. కార్బ్యురేటర్ బండి, కంపెనీ ఏసీతోనే వచ్చింది. అమ్మడానికి నాన్నగారికి మనసు రాదు, నిజం చెప్పాలంటే నాకూ రాదు. ఈ మధ్యనే మళ్లీ ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించాం.

సమస్య ఏంటంటే, రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లు రెండూ వేసి ఎక్కడైనా ఆగితే లైట్లు డిమ్ అయిపోతున్నాయి. హారన్ కొడితే గొంతు పూడుకుపోయినట్టు మోగుతోంది. డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా సన్నగా వెలుగుతోంది. రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ అందుకోవట్లేదు. బ్యాటరీ చూస్తే కొత్తదే.

మెకానిక్ చూసి డైనమో (ఇంజిన్‌తో పాటు తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నే అలా అంటారు) పోయింది, రీకండిషన్డ్ వేద్దాం, కొత్తదాంట్లో సగం కూడా అవదు అన్నాడు. ఇంకో షాపాయన 65 ఆంపియర్లది వేయించుకోండి, ఇక టెన్షనే ఉండదు అంటున్నాడు. ఉన్నదాని మీద స్టిక్కర్ చెరిగిపోయింది, 12 వోల్టులు అన్నది తప్ప ఇంకేం కనపడట్లేదు. ఏది కొనమంటారు? స్పానర్ల సెట్టు, మల్టీమీటరు ఉన్నాయి, నేనే బిగించుకోగలనా?

అంబాసిడర్ ఓనర్, సికింద్రాబాద్:

ముందు చిన్న టెస్టు చేసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ టెర్మినల్ ఒకటి పీకెయ్యండి. ఇంజిన్ ఆగిపోతే డైనమో పోయినట్టు. నడుస్తుంటే బాగున్నట్టు. మా చిన్నప్పటి నుంచి చూస్తున్న పద్ధతి ఇది.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

సార్, పెద్దవారు, మీ మాట కాదంటున్నందుకు ఏమనుకోవద్దు. తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు. ఆల్టర్నేటర్లు రాకముందు, నిజంగానే డైనమో ఉన్న పాత బళ్ల రోజుల్లో అది నడిచిపోయింది. ఆల్టర్నేటర్‌కి బ్యాటరీయే దిండు లాంటిది, ఎగుడుదిగుళ్లన్నీ అదే అణుచుకుంటుంది. నడుస్తుండగా పీకితే ఒక్క క్షణంలో వోల్టేజి ఎన్నో రెట్లు ఎగిరిపోతుంది. లోపల బాగున్న డయోడ్లు, వోల్టేజిని అదుపులో ఉంచే కటౌట్ (రెగ్యులేటర్) కూడా అక్కడికక్కడే పోతాయి, బండిలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, స్టీరియో ఉంటే వాటికీ గ్యారంటీ లేదు. మా షాపుకి ఇలా టెస్టు చేసి మరీ తెచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉంటారు.

నీ చేతిలో మీటరు ఉందిగా. కొనే ముందు ఇవి చూసి రాయి. రాత్రంతా ఆపిన బండిలో పొద్దున్నే బ్యాటరీ మీద ఎంత ఉంది? నిండుగా ఉంటే 12.6 దగ్గర ఉండాలి, 12.2 అంటే సగం అయిపోయినట్టు. తర్వాత స్టార్ట్ చేసి, కొంచెం రేస్ ఇచ్చి, అన్నీ ఆఫ్‌లో ఉండగా ఒకసారి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఒకసారి చూడు. 13.8 నుంచి 14.4 మధ్యలో రావాలి. 15 దాటితే కటౌట్ పోయి ఓవర్‌చార్జ్ అవుతున్నట్టు. చివరగా మీటరుని ఏసీ వోల్టులకి (ఎయిర్ కండిషనర్ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) తిప్పి, ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ మీద పెట్టు. అర వోల్టు దాటకూడదు.

ఇంకో సంగతి. బండి ఆపి ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్ వెనకవైపు చెయ్యి పెట్టి చూడు. అప్పుడు కూడా గోరువెచ్చగా తగిలిందంటే డయోడ్ షార్ట్ అయి, బ్యాటరీలో కరెంటు రాత్రంతా అందులోకి కారిపోతున్నట్టే.

ప్రశ్న అడిగినవారు:

చూశానన్నా. పొద్దున్న 12.1. స్టార్ట్ చేశాక 13.2, లోడ్ వేస్తే 12.3కి పడిపోయింది. ఏసీ వోల్టుల్లో 0.9 చూపిస్తోంది. రాత్రి పదింటికి వెళ్లి చెయ్యి పెడితే, ఇంజిన్ చల్లగా ఉంది, అది మాత్రం వెచ్చగానే ఉంది!

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

అయితే డయోడ్లే. లోపల పుట్టేది ఏసీ కరెంటు, మూడు ఫేజులు. దాన్ని డీసీ చేసి పంపేది డయోడ్ ప్లేటు. అందులో ఒకటి పోయినా కొంత చార్జింగ్ వస్తూనే ఉంటుంది కాబట్టి పగలు తెలియదు, లోడ్ పడ్డప్పుడు బయటపడుతుంది. డాష్‌బోర్డులో లైటు సన్నగా వెలగడం, రెండు రోజులకి బ్యాటరీ దిగిపోవడం, అన్నీ దీనికి సరిగ్గా సరిపోయాయి.

ఇక కొత్తదా, రీకండిషన్డా అంటే, నేనైతే నీ పాతదాన్ని ముందు నీ కళ్లముందే విప్పించమంటాను. డయోడ్ ప్లేటు, కార్బన్ బ్రష్షులు, బేరింగులు మాత్రమే పోయి ఉంటే అవి మార్పిస్తే చాలు. బాడీ నీదే కాబట్టి బిగించడంలో పేచీ ఉండదు. బ్రష్షులు ఆనుకుని తిరిగే స్లిప్ రింగుల మీద గోరు అడ్డంగా లాగి చూడు. గోరు గాడిలో పడి ఆగిపోయిందంటే రింగులు అరిగిపోయినట్టు. వైండింగ్ రాగి రంగులో లేకుండా నల్లగా మాడి ఉంటే దాని మీద డబ్బులు పెట్టకు.

రీకండిషన్డ్ పేరుతో కౌంటరు మీద పెట్టి అమ్మేవాటి సంగతి వేరు. చాలావాటికి పైన సిల్వర్ పెయింటు కొట్టి, బ్రష్షులు మార్చి ఇస్తారు. లోపల ఎవరి బండిది, ఏ రేటింగుది అన్నది వాళ్లకే తెలియదు. అలాంటిది కొనేకంటే కొత్తదే మేలు. లూకాస్ టీవీఎస్, డెన్సో లాంటి కంపెనీవి, బిల్లుతో, వారంటీ కార్డుతో తీసుకో.

మరో సభ్యుడు, గుంటూరు:

65 ఆంపియర్లది పెడితే తప్పేంటి అన్నా? బ్యాటరీ మాడిపోతుందంటారు కొందరు.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

బ్యాటరీ మాడదు. వోల్టేజిని కటౌట్ 14 చిల్లర దగ్గర ఆపుతుంది, బండి ఎంత అడిగితే అంతే కరెంటు ఇస్తుంది. ఇబ్బంది వేరేచోట. బ్యాటరీ బాగా దిగిపోయి ఉన్న రోజున ఆ పెద్ద ఆల్టర్నేటర్ ఒక్కసారిగా 50, 60 ఆంపియర్లు తోస్తుంది. వెనక లావు వైరు, దారిలో ఉన్న ఫ్యూజ్ లింకు పాత రేటింగుకి వేసినవి. పాతికేళ్ల వైరు, లుగ్గు (వైరు చివర బిగించే రేకు) దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, వేడెక్కేది అక్కడే. పైగా మారుతి 800లో ఆ ఒక్క సన్న బెల్టే వాటర్ పంపునీ తిప్పాలి. అది జారితే చార్జింగుతో పాటు ఇంజినూ వేడెక్కుతుంది.

లెక్క కూడా వేద్దాం. హెడ్‌లైట్లు 60/55 వాట్లవే అయితే డిమ్‌లో రెండూ కలిపి, టెయిల్ లైట్లతో సహా 12 ఆంపియర్ల లోపు. ఏసీ బ్లోయర్, కంప్రెసర్ క్లచ్, రేడియేటర్ ఫ్యాన్, కండెన్సర్ ఫ్యాన్ అన్నీ ఒకేసారి తిరిగితే సుమారు పాతిక. వైపర్లు ఒక నాలుగు, ఇగ్నిషన్ ఒక నాలుగు. వర్షంలో రాత్రిపూట ఏసీతో వెళ్తే మొత్తం 45 దాకా వస్తుంది. అందుకే ఏసీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన రేటింగే అడుగు. నాన్ ఏసీ బండిది చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కౌంటరులో కుర్రాడు అదే చేతిలో పెడతాడు. లేబుల్ చదివి తీసుకో.

స్టిక్కర్ మీద ఉన్న అంకె కూడా ఆల్టర్నేటర్ 6,000 ఆర్‌పీఎం దగ్గర తిరిగినప్పటి మాట. ఐడిల్‌లో ఇంజిన్ 900 తిరుగుతుంటే పుల్లీ లెక్కన ఇది 2,000 దగ్గర ఉంటుంది, సగం ఇస్తే గొప్ప. సిగ్నల్ దగ్గర లైట్లు కాస్త తగ్గడం పాత బళ్లన్నిటికీ ఉండేదే. దానికి కంగారుపడి పెద్దది కొనకు. హెడ్‌లైట్లకి 100/90 బల్బులు పెట్టి ఉంటే మాత్రం ముందు అవి తీసెయ్యి.

అంబాసిడర్ ఓనర్, సికింద్రాబాద్:

టెర్మినల్ పీకే సంగతి అర్థమైంది, ఇక ఎవరికీ చెప్పను. నాదొక సందేహం. మా స్నేహితుడి పాత అంబాసిడర్‌కి డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించాలనుకుంటున్నాడు. రాణీగంజ్‌లో దొరుకుతుందంటున్నారు.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

పెట్టొచ్చు సార్. బాడీకి తగిలించి ఉన్న పాత కటౌట్ డబ్బాని లైన్లోంచి తప్పించాలి, ఎందుకంటే ఇప్పటివాటికి కటౌట్ లోపలే ఉంటుంది. బండి ఎర్త్ నెగెటివా, పాజిటివా, అంటే బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో ముందు చూసుకోవాలి. బ్రిటిష్ డిజైన్ పాత బళ్లలో పాజిటివ్ ఎర్త్‌వి ఉండేవి. అలాంటిదానికి సరాసరి తగిలిస్తే తాళం తిప్పకముందే డయోడ్లు పోతాయి. పెద్ద ఆంపియర్లది అయితే మెయిన్ వైరు కొత్తది లాగించండి.

డీజిల్ బండి ఓనర్, కర్నూలు:

డీజిల్ బళ్లవాళ్లకి ఒక మాట. చాలా పాత డీజిల్ బళ్లలో బ్రేకుల వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, దానికి ఆయిల్ పైపులు వస్తాయి. పంపు లేని ఆల్టర్నేటర్ తెచ్చి పెట్టారంటే బ్రేక్ పెడల్ రాయిలా అయిపోతుంది. చార్జింగ్ వచ్చింది కదా అని బండి రోడ్డెక్కించకండి.

ప్రశ్న అడిగినవారు:

అన్నా, వైండింగ్ షాపులో నా ముందే విప్పించాను. స్లిప్ రింగుల్లో గోరు దిగింది, వైండింగ్ ఒక పక్క నల్లబడింది. కొత్తదే తీసుకుంటాను. పాతది ఇస్తే బిల్లులో తగ్గిస్తానంటున్నాడు, ఇచ్చెయ్యనా?

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

బిగించి, చార్జింగ్ చూసుకున్నాకే ఇవ్వు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చు. బోల్టు పట్టే చెవులు, వాటి మధ్య దూరం, పుల్లీ గాడి వెడల్పు, వెనక ప్లగ్గు ఆకారం, అందులో పిన్నులు. కింది పెద్ద బోల్టు దూరే చెవిలో చిన్న స్టీలు బుష్ ఉంటుంది. అది లోపలికి జరిగి ఉంటే బ్రాకెట్లో పట్టదు. సుత్తితో కాస్త వెనక్కి తట్టు, అంతేగాని చెవిని రుద్దించకు, విరిగిపోతుంది.

బిగించేటప్పుడు మొదట బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యి. వెనక లావు వైరు ఎప్పుడూ లైవ్‌లోనే ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే నిప్పులే. ఫోటో తీసుకుని ప్లగ్గు, లావు వైరు విప్పు. 10, 12, 14 స్పానర్లతో పని అయిపోతుంది. బెల్టు లోపలివైపు పగుళ్లుంటే ఇప్పుడే మార్చు. కొత్తది పెట్టాక బోల్టులు వదులుగా ఉంచి, స్టీలు స్కేలు పుల్లీలకి ఆనించి మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడు. బెల్టు బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపు దిగాలి. బిగువు కోసం రాడ్డు పెట్టి ఎత్తేటప్పుడు వెనక కటౌట్ ఉన్న వైపు కాకుండా ముందు ఇనప భాగం మీద ఆనించు. లావు వైరు నట్టు బిగించి రబ్బరు టోపీ తప్పకుండా తొడుగు. నెగెటివ్ చివర్లో పెట్టు.

అన్నిటికంటే ముందు బ్యాటరీని చార్జర్‌తో నిండుగా చార్జ్ చేయించు. చచ్చిన బ్యాటరీని నింపే పని కొత్త ఆల్టర్నేటర్ మీద పెడితే గంటలకొద్దీ ఫుల్ లోడ్ మీద తిరిగి వేడెక్కుతుంది.

తాళం తిప్పగానే, స్టార్ట్ చేయకముందు, బ్యాటరీ లైటు వెలగాలి. ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు ఆ బల్బు దారిలోనే వెళ్తుంది. బల్బు మాడిపోయి ఉంటే కొత్తది కూడా చార్జ్ చేయకపోవచ్చు. అక్కడ ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఇబ్బంది పడ్డవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు:

బిగించేశానన్నా! బుష్ మీరు చెప్పినట్టే అడ్డం వచ్చింది, తట్టితే కూర్చుంది. లైటు వెలిగి స్టార్ట్ అవగానే ఆరిపోతోంది. ఏసీ వోల్టులు 0.03. కానీ లోడ్ వేసి రేస్ ఇచ్చినా బ్యాటరీ మీద 13.3 దాటట్లేదు. కొత్తది కూడా డిఫెక్టేనా?

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

షాపుకి పరిగెత్తకు. అదే లోడ్ ఉంచి, మీటరు ఒక వైరు ఆల్టర్నేటర్ లావు బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టు. తర్వాత ఒకటి ఆల్టర్నేటర్ బాడీ మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద. రెండు చోట్లా 0.2 దగ్గరే ఉండాలి. ఎక్కడ ఎక్కువుంటే వోల్టేజి అక్కడ ఆగిపోతున్నట్టు.

ప్రశ్న అడిగినవారు:

పాజిటివ్ వైపు 0.18. నెగెటివ్ వైపు 0.7! ఎర్త్ వైరు గేర్‌బాక్సుకి తగిలే చోట లుగ్గు నల్లగా ఉంది, వైరు చేత్తో వంచితే లోపల పటపటమంటోంది. తీసి కొత్తది వేశాను. తగిలే చోట పెయింటు, తుప్పు ఎమరీ పేపరుతో గీకేశాను. ఇప్పుడు ఏసీ, లైట్లు, బ్లోయర్ ఫుల్లు, అన్నీ వేస్తే 13.9. లైట్లు ఇంత తెల్లగా వెలగడం ఈ మధ్య చూడలేదు. పాత ఆల్టర్నేటర్ షాపాయనకి ఇచ్చేశాను.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:

శుభం. కొత్త బెల్టు వేసి ఉంటే కొన్నాళ్లు తిరిగాక సాగుతుంది. చల్లటి ఇంజిన్ మీద మళ్లీ ఒకసారి బిగువు చూడు, కీచుమంటే అప్పుడే బిగించు. ఆల్టర్నేటర్ పైన ఎక్కడైనా ఆయిల్ లీకేజి ఉంటే ముందు అది ఆపించు, ఆయిల్ పడితే బ్రష్షులు నిలవవు. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టమని చెప్పు.