డిస్లెక్సియా ఉన్న పిల్లాడికి తెలుగు సబ్జెక్టు తీసేయించడం మంచిదేనా?

పటమట అమ్మ:
మా బాబు ఆరో తరగతి. డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, అని పోయిన ఏడాది తేలింది. మొన్న స్కూల్లో పిలిచి, "సర్టిఫికెట్ ఉంది కదా, తెలుగు మినహాయింపుకి అర్జీ పెట్టండి, బాబుకి టెన్షన్ తగ్గుతుంది" అన్నారు. ఆ పీరియడ్‌లో వాడేం చేస్తాడంటే, లైబ్రరీలో కూర్చుంటాడన్నారు. ఒక్కడే. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీరైతే పెడతారా?

అరండల్‌పేట నాన్న:
పెట్టండమ్మా. సీబీఎస్ఈలో ఇలాంటి పిల్లలు రెండు భాషలకి బదులు ఒక్కటే చదివే వీలుంది. మా అమ్మాయికి మేం అదే వాడుకున్నాం. అంతకుముందు రాత్రి పదింటి దాకా ఇంపొజిషన్లు రాసేది, పొద్దున లేస్తే కడుపునొప్పి. డాక్టర్లకి చూపిస్తే ఏమీ లేదనేవాళ్ళు. తెలుగు తీసేసిన నెలకి ఆ నొప్పి పోయింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, భాష ఎక్కడికీ పోదు.

గుంటూరు తెలుగు టీచర్:
నాన్నగారూ, మీ పాప బాధ కాదనను. కానీ మినహాయింపు ఆఖరి మెట్టు అవ్వాలి, మొదటిది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్ పరీక్షకి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల మినహాయింపు, మూడూ చెప్పింది. దానికి ముందున్న 16వ సెక్షన్ ఇలాంటి ఇబ్బందిని వీలైనంత త్వరగా గుర్తించి, తగినట్టు బోధించాలంది. ఆ బోధన వదిలేసి స్కూళ్ళు మినహాయింపు దగ్గరికి వచ్చేస్తున్నాయి. దానికి కాగితం చాలు, టీచరు అక్కర్లేదు.

ఇంకో మాట. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరం ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతుంది. తెలుగులో దాదాపు రాసిందే చదువుతాం. ఇక్కడ చూపుతోనూ చిక్కే. గుడి పైన, ఒత్తు కింద, ఐత్వమైతే పైనా కిందా. కన్ను పక్కకి జరుగుతూనే పైకీ కిందికీ తిరగాలి. ప, ష, వ ఒకేలా కనిపిస్తాయి. నా క్లాసులో ఒక పిల్లాడు 'కష్టం' అని ఉంటే 'కషం' అనేవాడు. అక్షరాభ్యాసంలో చేసినట్టే పళ్ళెంలో బియ్యం పోసి, పైకి పలుకుతూ వేలితో ఒత్తులు దిద్దించాను. రోజుకి ఒకే ఒత్తు. 'ట' ఒత్తుకే రెండు వారాలు పట్టింది. ఇప్పుడు చదువుతాడు, నెమ్మదిగా.

అరండల్‌పేట నాన్న:
మీలాంటి టీచరు దొరికితే నేనూ తీయించేవాణ్ణి కాదండి. యాభై మంది ఉన్న సెక్షన్‌లో, వారానికో టెస్టు పెట్టే స్కూల్లో ఎవరు చేస్తారు? మా పాపని అందరి ముందూ నిలబెట్టి గట్టిగా చదవమనేవాళ్ళు.

గుంటూరు తెలుగు టీచర్:
అలా నిలబెట్టడం తప్పు. ముందు అది ఆపించాలి. పటమట అమ్మగారూ, మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: గట్టిగా చదివించొద్దు, పరీక్షలో టైం ఎక్కువ ఇవ్వాలి, ప్రశ్న చదివి వినిపించాలి. స్పెల్లింగ్ తప్పులకి మార్కులు కోయొద్దని కూడా చేర్చండి.

పటమట అమ్మ:
నిన్న బస్సులో ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే బోర్డు చూసి 'పకాశం' అన్నాడు. మళ్ళీ వాడే వేలు గాల్లో తిప్పి, "కింద ఇంకోటి ఉందమ్మా" అన్నాడు. ఒత్తు ఉందని వాడికి తెలుస్తోంది. అర్జీ ఇప్పుడే పెట్టను. సోమవారం ఉత్తరం ఇస్తాను. నాన్నగారూ, కడుపునొప్పి అని ఒక్కరోజు అన్నా మీ దారికే వస్తాను.