నియేగమె: ఆ "మె" నాకా, నన్నా?

ఇసుకతిన్నె:
చిలీ కవి నెరూదా స్పానిష్‌లో రాసిన "నీ నవ్వు" కవిత చివర "నెగామె ఎల్ పాన్, ఎల్ ఐరె" అనా, "కీతమె ఎల్ పాన్" అనా? రెండూ చెవిలో ఆడుతున్నాయి. ఇంకోటి, "నన్ను నిరాకరించు, రొట్టె, గాలి..." అని తెలుగు చేస్తే అన్వయం కుదరట్లేదు.

తాళపత్రం:
రెండు క్రియలూ ఉన్నాయి. ఎత్తుగడలో కీతమె, ముగింపులో నియేగమె. కీతార్ అంటే ఉన్నదాన్ని లాక్కోవడం, నెగార్ అంటే చేతికే రానివ్వకపోవడం. మొదట ఉన్న రొట్టె తీసుకుపొమ్మన్నవాడు చివరికి అసలు పెట్టొద్దంటున్నాడు. తెలుగులో ఆ మెట్టు పోకూడదు. "మె" ఇక్కడ "నాకు". పైగా మాట నెగామె కాదు, నియేగమె. ఊనిక "యే" మీద. ఒట్టి "నియేగా"కి ఊనిక చూపే గీత అక్షరం మీద అక్కర్లేదు గానీ, మె అతికాక ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీద పడుతుంది కాబట్టి గీత తప్పదు.

చిట్టడవి:
నెగామె తప్పేమీ కాదు మాస్టారూ. "నువ్వు"కి "తూ" బదులు "వోస్" వాడే బ్యూనస్ ఐరెస్‌లో అదే ఒప్పు. నెరూదా చిలీవాడు, "తూ"తో రాశాడు, అంతే. ఇక "మె" నాకే అని అంత తేలిగ్గా తేల్చెయ్యకండి. పేతురుతో యేసు అన్న మాట స్పానిష్ బైబిలులో "మె నెగరాస్ త్రెస్ వేసెస్". అక్కడ మె అంటే నన్ను. మన బైబిలు "నన్ను ఎరుగనని ముమ్మారు చెప్పెదవు" అని క్రియను విప్పి చెప్పి తప్పించుకుంది.

తాళపత్రం:
పక్కన వేరే కర్మ ఉందో లేదో చూడాలండీ. ఎల్ పాన్ వచ్చి కూర్చుంది కాబట్టి మె "నాకు"లోకి జరగక తప్పదు. పేతురు వాక్యంలో ఆ చోటు ఖాళీ. అనుమానమైతే ప్రథమ పురుషలో పెట్టి చూడండి: "లె నియేగా ఎల్ పాన్" (అతనికి రొట్టె ఇవ్వడు), కానీ "లో నియేగా" (అతన్ని ఎరగనంటాడు).

చిట్టడవి:
మీ పరీక్ష మాద్రిద్‌లో చెల్లదు. అక్కడ మగమనిషైతే "లో" బదులు కూడా "లె" అనేస్తారు.

తాళపత్రం:
ఆడమనిషిని పెట్టండి మరి. "లా నియేగా", ఆమెను ఎరగనంటాడు.

చిట్టడవి:
"లె" అనాల్సిన చోట "లా" అనేవాళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నారు!

పెరుగన్నం:
మె గొడవలో అసలు తమాషా పోతోంది. "నెగో అబేర్ వెనీదో" అంటే రాలేదన్నాడు. "సె నెగో ఆ వెనీర్" అంటే రానన్నాడు. మనం "లేదు", "ను"లతో చూపే తేడాని వాళ్లు "సె", "ఆ" అనే రెండు ముక్కలతో చూపిస్తారు. తొందరలో "ఆ" మింగేశారో, వాక్యం కుంటిదైపోతుంది. "నో కీసో వెనీర్" కూడా రానన్నాడే. "నో కెరీయా వెనీర్" మాత్రం రావాలని లేదు అని, ఆ తర్వాత వచ్చి ఉండొచ్చు కూడా.
నిఘంటువులో నిరాకరించు కనబడగానే అన్నిటికీ నెగార్ తగిలిస్తారు, అక్కడే చెడుతుంది. ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడు: "రెచసో లా ఓఫెర్తా". వీసా ఇవ్వలేదు: "లె దెనెగారోన్ లా వీసా", స్పెయిన్‌లో అయితే "ఎల్ విసాదో". మంత్రి పుకారును ఖండిస్తే "దెస్మింతియో".

ఇసుకతిన్నె:
"నియేగో కె" (ఫలానాది ఒప్పుకోను) తర్వాత "ఉంది, అవును" అనే క్రియకి "ఎస్" కాకుండా "సేఅ" రూపమేగా?

పెరుగన్నం:
అవును, "నియేగో కె సేఅ వెర్దాద్". నిజమని ఒప్పుకోనిదాన్ని "ఎస్" అనరు. "నో నియేగో కె" (కాదనను) అయితే రెండూ చెల్లుతాయి. పూర్తిగా ఒప్పేసుకుంటే "ఎస్". "నిజమే అనుకోండి, కానీ..." అంటూ పక్కకి జరగబోతున్నవాడి నోట "సేఅ".

తాళపత్రం:
"సె నెగో ఎన్ రెదోందో"కి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాటుంది: ససేమిరా అన్నాడు. రెదోందో అంటే గుండ్రం. "రొతుందమెంతె" అన్నా అదే లాటిన్ రొతుందుస్. వాళ్ల కాదనడం గుండ్రంగా ఉంటుందన్నమాట, పట్టుకోడానికి అంచు దొరకదు.

చిట్టడవి:
ససేమిరాలో కాదనడం ఎక్కడుంది సార్? ఎలుగుబంటికి ద్రోహం చేసి మతి తప్పిన రాజకుమారుడి వాగుడు అది. 4 అక్షరాలు, 4 శ్లోకాలకు మొదళ్లు.

తాళపత్రం:
ఏమడిగినా అదే మాట అన్నాడు కదా. మొండితనానికి అంతకన్నా ఏం కావాలి?

చిట్టడవి:
సరే, కవి దగ్గరికే వద్దాం. ఈ కవిత ఉన్న పుస్తకం 1952లో నేపుల్స్‌లో కవి పేరు లేకుండా అచ్చయింది. తన రచననే నెగార్ చేశాడు మహానుభావుడు.

పెరుగన్నం:
పేరు వెయ్యకపోవడం "కయార్", ఊరుకోవడం. నాది కాదని అంటేనే నెగార్.

ఇసుకతిన్నె:
అయితే "పెరో తు రీసా నూంకా" ఎలా? "నీ నవ్వు మాత్రం ఎన్నడూ" అని ఆపనా?

తాళపత్రం:
ఆపకండి. నూంకాలో కాదనడం ఇమిడే ఉంది, మన ఎన్నడూకి వెనక వ్యతిరేక క్రియ కావాలి. అక్కడ ఆపితే నవ్వు ఎప్పుడూ కావాలన్నట్టో, ఎప్పుడూ పెట్టొద్దన్నట్టో తెలీదు. "ఎన్నడూ లేదనకు" అనండి.

పెరుగన్నం:
క్రియ కావాలనుకుంటే ఆయనే "నో మె లా నియేగెస్" (దాన్ని నాకు లేదనకు) అని రాసుకునేవాడు. వదిలేసిన చోట మీరెందుకు పూరించడం?

ఇసుకతిన్నె:
"నీ నవ్వు మాత్రం వద్దు"?

చిట్టడవి:
నవ్వే వద్దన్నట్టుంది.