జానీ కార్సన్ పాత ఎపిసోడ్లు పూర్తిగా ఎక్కడ దొరుకుతాయి?

అమెరికన్ టాక్ షోల గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. జానీ కార్సన్ 1962 నుంచి 1992 దాకా, అంటే ముప్పై ఏళ్లు, ఎన్‌బీసీలో ‘ద టునైట్ షో’ నడిపాడు. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా చాలానే చూశాను గానీ తనివి తీరట్లేదు.

1973లో, తనకు అతీంద్రియ శక్తులున్నాయని చెప్పుకునే యూరీ గెల్లర్ వచ్చిన భాగం చూశారా? చిన్నప్పుడు మ్యాజిక్ చేసిన కార్సన్, ఇలాంటివాళ్ల గుట్టు బయటపెట్టే మెజీషియన్ జేమ్స్ రాండీ సలహా తీసుకుని, గెల్లర్ ముందే ముట్టుకునే వీల్లేకుండా బల్ల మీద వస్తువులన్నీ తన వాళ్ల చేతే పెట్టించాడు. చెంచాలు వంచేస్తానన్న మనిషి ఏమీ చేయలేక నీళ్లు నమిలాడు. కార్సన్ మాత్రం గొంతు పెంచడు, ఎగతాళి చేయడు, మర్యాదగా ఎదురు చూస్తూ కూర్చుంటాడు. ఇప్పటి యాంకర్లయితే అరిచి గోల చేసేవాళ్లేమో!

షో న్యూయార్క్‌లో ఉన్నప్పటి, అంటే 1972కి ముందు టేపులు చాలావరకు చెరిపేశారట. అప్పట్లో టేపు ఖరీదు కదా, దాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లు. తలచుకుంటే కడుపు మండుతుంది.

నా సందేహాలు ఇవీ. ఆ తొలి పదేళ్లలో మిగిలినవి, కనీసం ఆడియో అయినా, ఎక్కడైనా వినొచ్చా? 1980కి ముందు షో గంటన్నర ఉండేది కదా, ఆ ఎపిసోడ్లు కత్తిరించకుండా ఎక్కడైనా ఉన్నాయా? బెట్ మిడ్లర్ పాడిన 1992 మే 21 ఎపిసోడ్ పూర్తిగా చూసినవాళ్లుంటే, ఎక్కడ చూశారో చెప్పండి. డబ్బు కట్టాల్సి వచ్చినా ఫర్వాలేదు, దొంగ కాపీలు మాత్రం వద్దు.