అప్‌డేట్: సెనేటర్ కెల్లీని కాపాడినా ఎక్స్‌మెన్ మీద భయం ఎందుకు తగ్గలేదు?

మొన్న నేనడిగింది ఇదే: మార్వెల్ కామిక్స్‌లో మ్యూటెంట్లను (పుట్టుకతో వింత శక్తులున్న మనుషులను) వ్యతిరేకించే సెనేటర్ కెల్లీ రాజకీయ హత్యను ఆపింది ఆ మ్యూటెంట్ల జట్టు ఎక్స్‌మెనే కదా, మరి వాళ్లంటే భయం తగ్గాలిగా? మీరు చెప్పినట్టే 1981 నాటి ఎక్స్‌మెన్ కామిక్ 141, 142 సంచికలు వరసగా చదివాను.

కెల్లీ హత్య జరిగితే మ్యూటెంట్లను వేటాడే సెంటినెల్ రోబోలు అమెరికాను ఏలతాయని, మ్యూటెంట్లకు క్యాంపులే గతి అని 2013 నుంచి ఎక్స్‌మెన్ సభ్యురాలు కేట్ ప్రైడ్ మనసు కాలంలో వెనక్కొచ్చి హెచ్చరిస్తుంది. వచ్చింది కూడా ఎవరిలోకి, పదమూడేళ్ల కిట్టీలోకి, అంటే చిన్నప్పటి తనలోకే! కెల్లీని చంపబోయిన మ్యూటెంట్ డెస్టినీ గురి తప్పించి కెల్లీని బతికించేది ఆ పిల్లే. అంత చేసినా అధ్యక్షుడు గుట్టుగా ప్రభుత్వ అధికారి గైరిక్‌కి మ్యూటెంట్లను అదుపు చేసే ప్రాజెక్ట్ వైడవేక్ అప్పగిస్తాడు, సెంటినెల్స్ తయారీకి వ్యాపారవేత్త సెబాస్టియన్ షాని పిలుస్తారు (షా కూడా మ్యూటెంటే, ఆ సంగతి వాళ్లకు తెలీదు). చదువుతుంటే నిజంగా కడుపు మండింది.

నాకు అర్థమైంది ఏంటంటే, చంపబోయినవాళ్లూ కాపాడినవాళ్లూ మ్యూటెంట్లే అయినా ప్రభుత్వం దాడిని మాత్రమే లెక్కలోకి తీసుకుంది, ఎందుకంటే భయపడటానికి అదొక్కటి చాలు. ఎక్స్‌మెన్ గురువు చార్లెస్ జేవియర్ ఎన్ని మంచి మాటలు చెప్పినా ఈ నిర్ణయాలు తీసుకునే గదిలోకి చేరవు.

ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. వైడవేక్ తర్వాత ఏమైందో ఏ సంచికల్లో ఉందో కూడా చెప్పండి.